లద్దె చెప్పే కబురు



గుర్రానికి కడుపునొప్పి వస్తే ఎలా పసిగట్టాలి, డాక్టరు వచ్చేలోగా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు? ఈ పూట ఆ సంగతులు మాట్లాడుకుందాం. పుదుచ్చేరి దగ్గరి మన విల్లియనూరు చుట్టుపక్కల గుర్రం అనగానే చాలామందికి అయ్యనార్ గుడి ముందు నిలబడ్డ మట్టి గుర్రమే గుర్తొస్తుంది. ఇక్కడి మట్టిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పనిలో పేరుపడ్డ మునుసామి గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయితే ప్రాణమున్న గుర్రాలు కూడా మన మధ్య లేకపోలేదు. సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవి, పెళ్లికొడుకుని ఊరేగించేవి, స్వారీ నేర్పే చోట ఉండేవి. తెలుగు నేల మీదికి వస్తే విశాఖ బీచ్‌లో ఉన్నాయి, హైదరాబాదు మలక్‌పేట రేసు మైదానంలో ఉన్నాయి, పాడేరు మన్యంలో బండి ఎక్కలేని కొండదారుల్లో సంత సరుకు మోస్తూ ఉన్నాయి. వేలం పాటలో లక్షలు పలికే రేసు గుర్రానికీ, మన్యంలో బియ్యం బస్తా మోసే తట్టుకీ సమానంగా వచ్చే గండం కడుపునొప్పి. డాక్టర్లు దీన్ని కోలిక్ అంటారు, మన పెద్దవాళ్లు శూల అనేవారు.

గుర్రం కక్కలేదు. ఈ ఒక్కమాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. కుక్క పడనిది తింటే కక్కేస్తుంది, మనమూ అంతే. గుర్రానికి మాత్రం అన్నవాహిక కడుపులోకి దిగే చోట కండరం బిగుసుకుని, లోపలికే తెరుచుకునే తలుపులా ఉంటుంది. దిగింది ఏదైనా ఇక పైకి రాదు. పైగా అంత ఒంటికి కడుపు మరీ చిన్నది. పెద్ద గుర్రానికి కూడా 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. దాని తర్వాత 20 మీటర్లకు పైగా చిన్నపేగు, దాని చివర 30 లీటర్ల దాకా పట్టే పెద్ద సంచి, ఆ పైన మడతలు మడతలుగా పెద్దపేగు. గడ్డిని పులియబెట్టి బలంగా మార్చే సూక్ష్మజీవులు ఉండేది ఈ వెనక భాగంలోనే. పెద్దపేగు ఎడమవైపు వెనక్కి వెళ్లి, తుంటి దగ్గర మలుపు తిరిగే చోట ఒక్కసారిగా సన్నబడుతుంది. ఎండిన మేత ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.

పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆవు కడుపు తెలుసు. నెమరు వేస్తుంది, ఉబ్బరిస్తే నూనె పట్టిస్తారు, మరీ ప్రాణం మీదికి వస్తే ఎడమ డొక్కలో గుచ్చి గాలి తీయిస్తారు. ఆ వైద్యాన్ని గుర్రానికి తెచ్చిపెట్టకండి. గుర్రం నెమరు వెయ్యదు, దానికి నాలుగు గదుల కడుపు లేదు. గేదెను కాపాడిన చెయ్యే తెలియక గుర్రాన్ని చంపిన సందర్భాలు పశువైద్యులందరికీ ఎదురయ్యేవే.

నొప్పి మొదలైనప్పుడు గుర్రం ఏం చేస్తుంది? మొదట మేత మానేస్తుంది. దాణా గంప ఎదురుగా ఉన్నా మూతి పెట్టదు. పై పెదవిని మెలితిప్పుతూ పైకి లేపుతుంది. మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకుంటుంది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ముందుకాలితో నేలను గీరుతుంది. వెనక కాలు ఎత్తి పొట్టకేసి తన్నుకుంటుంది. ఉచ్చకు నిలబడినట్టు కాళ్లు చాపి నిలబడుతుంది, పొయ్యదు. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నొప్పి ముదిరితే పొర్లుతుంది, చెమటతో తడిసి ముద్దవుతుంది. పొర్లడం చూశాక ఎవరికైనా అర్థమవుతుంది. నేను కోరేది అంతకు ముందే, పెదవి మెలితిప్పిన దగ్గరే, మీరు గమనించాలని. ఆ రెండు మూడు గంటల తేడాలోనే చాలా గుర్రాల బతుకు తేలిపోతుంది.

గాడిదల విషయంలో ఇంకా కాస్త జాగ్రత్త కావాలి. గాడిద నొప్పిని బయటపెట్టదు. పొర్లదు, తన్నుకోదు. తల వేలేసి, మూలన నిలబడి, మేత ముట్టకుండా ఉంటుంది, అంతే. గాడిద మేత ముట్టలేదంటే చాలు, డాక్టరుకు కబురు పెట్టండి.

గుర్రాన్ని చూసుకునే మనిషికి రోజూ కబురు చెప్పేది లద్దె. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. తాజా లద్దె ఉండలు ఉండలుగా, పైన కాస్త తడి మెరుపుతో, నేల మీద పడగానే సగానికి విచ్చుకునేలా ఉండాలి. చిన్న చిన్న గట్టి ఉండలై, పైన జిగట పొర కట్టి ఉంటే పేగులో మేత నెమ్మదిగా, నీళ్లు చాలక కదులుతోందని అర్థం. గింజ గింజగా కనిపిస్తే పళ్లు సరిగ్గా నమలడం లేదు. పల్చబడి వాసన మారితే మేతలో ఏదో మార్పు పడలేదు. పొద్దున లాయం ఊడ్చే మనిషి రాత్రి ఎన్నిసార్లు లద్దె పడిందో చూడకుండా గంపకెత్తి పారేస్తే, డాక్టరుకు దొరికే మొదటి ఆధారం చెత్తకుప్పలోకి పోయినట్టే. వచ్చిన డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇదే: చివరిసారి లద్దె ఎప్పుడు వేసింది?

ఇంకొన్ని విషయాలు కూడా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇవి గుర్రం బాగున్న రోజుల్లోనే నేర్చుకోవాలి, ఎందుకంటే మీ గుర్రానికి మామూలు ఏదో మీకు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్లు పెట్టి తడిమితే సన్నని తాడులాంటి రక్తనాళం జారుతూ తగులుతుంది. దాన్ని ఎముకకు మెల్లగా అదిమి పట్టుకుని, గడియారం చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నాడి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉంటుంది. 60 దాటిందంటే నొప్పి తీవ్రంగా ఉంది, ఇంకా పెరుగుతూ పోతుంటే పరిస్థితి చెయ్యి దాటుతోంది. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరులో వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్. తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. బొటనవేలితో అదిమి వదిలితే తెల్లబడ్డ చోట 2 సెకన్లలో మళ్లీ రంగు రావాలి. చిగురు ఎండిపోయి ఇటుక రంగుకు తిరిగినా, పళ్ల చుట్టూ ఊదారంగు గీత కనిపించినా లోపల పేగు చెడి విషం రక్తంలోకి ఎక్కుతోందని భయపడాల్సిందే. చివరగా డొక్కకు చెవి ఆనించండి. రెండు వైపులా, పైనా కిందా. గుడగుడమని, దూరపు ఉరుము కదిలినట్టు చప్పుడు వినిపించాలి. అసలేమీ వినపడకపోవడం, విపరీతంగా వినపడటం కన్నా చెడ్డది.

సరే, నొప్పి అని తేలింది. డాక్టరుకు ఫోను చేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అయితే పశువుల అంబులెన్సు కోసం 1962కి చెయ్యొచ్చు. విల్లియనూరు వాళ్లకు దగ్గర్లోనే, కురుంబపేటలో, 1994లో మొదలైన రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది. డాక్టరు వచ్చేలోగా గడ్డీ దాణా రెండూ ఎదురు నుంచి తీసెయ్యండి. నీళ్లు ఉంచండి, బలవంతంగా తాగించకండి. గుర్రం నిదానంగా పడుకుని ఉంటే లేపకండి, పడుకోనివ్వండి. పొర్లబోతుంటే తాడు పట్టుకుని పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. రాత్రంతా నడిపించాలని ఒక మాట మనలో పాతుకుపోయింది. అది తప్పు. నొప్పితో ఉన్న జీవాన్ని గంటల తరబడి నడిపిస్తే ఉన్న కాస్త ఓపికా హరించుకుపోతుంది, పేగు మెలిక మాత్రం విడదు. విపరీతంగా పొర్లుతున్న గుర్రం దగ్గరికి ఇరుకు లాయంలోకి వెళ్లకండి. 400 కిలోల జీవం, నొప్పిలో మిమ్మల్ని చూసుకోలేదు.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి ఇంటిల్లిపాదికీ చెప్పండి. నోట్లో ఏదీ పొయ్యకండి. వెదురు గొట్టంతో గాని, సీసాతో గాని, నూనె, ఇంగువ నీళ్లు, వాము కషాయం, సోడా, ఏదీ వద్దు. తల పైకెత్తి పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె ఒకసారి ఊపిరితిత్తుల్లోకి దిగితే దాన్ని తీసే వైద్యం లేదు. కడుపునొప్పి తగ్గి, నాలుగో రోజున న్యుమోనియాతో గుర్రం పోతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. కడుపు ఇప్పటికే గాలితో, నీటితో నిండి పగలడానికి సిద్ధంగా ఉండొచ్చు. కక్కలేని జీవానికి పైనుంచి ఇంకో రెండు లీటర్లు పోస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నొప్పి మందు సూది కూడా డాక్టరు చెప్పకుండా వెయ్యకండి. నొప్పి కప్పబడిపోతే లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడం కష్టం, ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఒళ్లంతా చెమటలతో పొర్లిన గుర్రం ఒక్కసారిగా శాంతించి నిలబడితే యజమాని గుండె కుదుటపడుతుంది. అప్పుడే చిగుళ్లు చూడాలి, చెవులు ముట్టుకోవాలి. చిగుళ్లు నల్లబారి, చెవులు చల్లబడి, నాడి అందకుండా ఉంటే అది తగ్గడం కాదు. కడుపో పేగో పగిలిపోయింది. నిజంగా తగ్గిన గుర్రం మేత కోసం చూస్తుంది, లద్దె వేస్తుంది, కళ్లలో కాంతి వస్తుంది.

డాక్టరు వచ్చాక చేసే మొదటి పనుల్లో ఒకటి ముక్కులోంచి పొడవాటి మెత్తని గొట్టం కడుపులోకి దించడం. చూసేవాళ్లకు భయంగా ఉంటుంది, ఒక్కోసారి ముక్కు నుంచి కాస్త నెత్తురు కూడా వస్తుంది. గాభరా పడకండి. గుర్రం తనంతట తాను కక్కలేనిది ఆ గొట్టమే బయటికి తెస్తుంది. గొట్టం రెండో కొస బక్కెట్లోకి వంచగానే పచ్చటి పులుపు నీళ్లు లీటర్ల కొద్దీ వచ్చాయంటే, చిన్నపేగు ఎక్కడో మూసుకుపోయిందని డాక్టరుకు అనుమానం వస్తుంది. ఏమీ రాకపోతే అదే గొట్టంలోంచి నీళ్లు, లవణాలు, అవసరమైతే లిక్విడ్ పారఫిన్ పంపి ఇరుక్కున్న మేతను కదిలిస్తారు. చేతికి పొడవాటి తొడుగు వేసుకుని మలద్వారం గుండా తడిమి పేగు ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ గట్టిపడింది చూస్తారు. చాలా గుర్రాలకు మందులతోనే నయమవుతుంది. మెలికపడ్డ పేగుకు మాత్రం ఆపరేషన్ ఒక్కటే దారి, ఆ సదుపాయం మన దగ్గర చాలా కొద్ది చోట్లే ఉంది. పుదుచ్చేరి నుంచి చెన్నై దాదాపు 150 కిలోమీటర్లు. 1903లో మొదలైన, వేపేరిలో ఉన్న మద్రాసు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాలని డాక్టరు చెబితే, బండి ఎవరిది, డ్రైవరు ఎవరు అని అప్పుడు వెతుక్కుంటూ కూర్చోకుండా ముందే ఆలోచించి పెట్టుకోండి.

ఇక అసలు ఈ నొప్పి ఎందుకు వస్తుంది? చాలావరకు మన చేతుల మీదుగానే. 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో, అరబ్బు రేవుల నుంచి ఇక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొనేవారని, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగిలేవి కావని రాశాడు. కారణం కూడా చెప్పాడు: వాటిని చూసుకోవడం తెలిసినవాళ్లు లేరట, ఉడికించిన అన్నమూ మాంసమూ పెట్టేవారట. వస్సాఫ్ అనే పారశీక చరిత్రకారుడు కూడా ఈ తీరంలో గుర్రాలకు వేయించిన బార్లీ, వెన్న కలిపిన గింజలు పెట్టి ఆవుపాలు కాచి తాగిస్తారని రాశాడు. కాకతీయ రాజు గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో కూడా ఓడ సరుకుల్లో గుర్రాలున్నాయి. అంటే సముద్రాలు దాటి, ప్రాణం ఖరీదు కట్టి తెచ్చుకున్న జీవాలవి. తెచ్చుకున్నవాళ్లు ప్రేమ లేక చంపుకోలేదు. తమకు ఇష్టమైనది, తాము తినేది పెట్టి చంపుకున్నారు. తర్వాతి కాలంలో మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసము రాశాడు. గుర్రాన్ని తెలుసుకోవాలన్న శ్రద్ధ మన భాషలో అప్పుడే ఉంది.

అయినా మనం తినేదే పెట్టే ఆ పాత తప్పు ఇప్పటికీ పెళ్లి పందిట్లో కనిపిస్తుంది. ఊరేగింపు అయ్యాక మిగిలిన పులిహోర, లడ్డూలు, అరటిపళ్లు గుర్రం ముందు పెడతారు. పెట్టే చెయ్యి మంచిదే. కానీ పిండిపదార్థం అంతా ఒకేసారి పెద్దపేగులోకి దిగితే అక్కడ గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చి, ఆమ్లం పెరిగి, గ్యాసు పట్టి, రెండు రోజుల్లో డెక్కలు కూడా వాచి కుంటుతుంది. ఉలవలు, శనగలు మానేయమని నేను అనడం లేదు. నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు కొద్దిగా పెట్టొచ్చు. ఎండు గింజలు గుప్పిళ్లతో పెట్టి వెంటనే నీళ్లు పట్టిస్తే మాత్రం అవి కడుపులోనే ఉబ్బుతాయి. ఒక్కపూట దాణా ఒంటి బరువులో అర శాతం దాటకూడదు. 300 కిలోల తట్టుకు అంటే కిలోన్నర, అంతే. ఎండుగడ్డి రోజుకు ఒంటి బరువులో 2 శాతం, అంటే 6 కిలోలు, దఫదఫాలుగా. గుర్రం స్వేచ్ఛగా తిరిగితే రోజులో 14 నుంచి 16 గంటలు మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. అందుకే పొద్దున్నుంచి బ్యాండు మేళం వెంట ఖాళీ కడుపుతో నిలబెట్టిన గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి. మేత మార్చాలన్నా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. కోళ్ల దాణా అసలు దరిదాపుల్లో ఉంచకండి. అందులో కలిపే మోనెన్సిన్ కోడికి మందు, గుర్రానికి ప్రాణాంతకం.

మన తీరానికి ప్రత్యేకమైన సంగతి ఇసుక. ఒడ్డున తిరిగే గుర్రం, ఇసుక నేల మీద పోసిన మేత తినే గుర్రం, గడ్డి పొట్టిగా ఉన్న చోట వేళ్లతో సహా పీకి తినే గుర్రం, రోజూ కొంచెం ఇసుక మింగుతాయి. అది పెద్దపేగు అడుగున పేరుకుని బరువెక్కుతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యొచ్చు. నేలకు తగలని లద్దె ఉండలు ఐదారు తీసుకుని గాజు సీసాలోనో, పలచని ప్లాస్టిక్ సంచిలోనో నీళ్లు పోసి బాగా కలపండి. పావుగంట కదపకుండా ఉంచండి. పీచు పైకి తేలుతుంది, ఇసుక అడుక్కి దిగుతుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరమంటుంది. చెంచా కన్నా ఎక్కువ కనిపిస్తే డాక్టరుతో మాట్లాడండి, ఇసబ్‌గోల్ ఎంత పెట్టాలో వారు చెబుతారు. ఇసుక కనిపించకపోయినా పూర్తిగా నిశ్చింతగా ఉండకండి, లోపల పేరుకున్నది బయటికి రాకపోయి ఉండొచ్చు. మేతను తొట్టిలోనో, రబ్బరు చాప మీదో వెయ్యడం అన్నిటికన్నా చవకైన మందు.

నీళ్ల సంగతి. గుర్రం మామూలుగా రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, రోహిణి కార్తె ఎండల్లో ఇంకా ఎక్కువ. తొట్టి నాచు పట్టి ఉంటే, నీళ్లు వేడెక్కి ఉంటే తాగదు. తాగకపోతే ఎండుగడ్డి పేగులో పిడచకట్టుకుంటుంది. చెమట పట్టే గుర్రానికి ఉప్పు కూడా అందుబాటులో ఉండాలి. ఈశాన్య రుతుపవనాల వానల్లో వరిగడ్డి వాము తడిసి బూజు పడుతుంది. బూజు గడ్డి ఆవుకు కూడా మంచిది కాదు, గుర్రానికి మరీ చెడ్డది. వానలు వెలిశాక లేచిన లేతగరిక మీదికి కూడా ఒక్కసారిగా వదలకండి.

పళ్లు, పురుగులు అంటే చాలామంది పట్టించుకోరు. గుర్రం గడ్డిని నమిలి, ఉండ చుట్టి, కింద పడేస్తుంటే దవడ పళ్లు పదునుదేలి బుగ్గ కోసుకుంటున్నాయన్నమాట. ఏడాదికోసారి డాక్టరు చేత ఆకురాయితో సరిచేయించండి. ఏలికపాములు పిల్ల గుర్రాల చిన్నపేగును మూసేస్తాయి. కొన్ని జాతుల పురుగుల పిల్లలు పేగుకు రక్తం తెచ్చే నాళాల్లోకే చేరి రక్తం అందకుండా చేస్తాయి. మందు గుడ్డిగా వెయ్యకుండా లద్దె పరీక్ష చేయించి వేస్తే మందు పనిచేసే కాలం పెరుగుతుంది. లాయం, మేత మైదానం నుంచి లద్దె ఎత్తేస్తూ ఉంటే పురుగు సగం తగ్గుతుంది.

ఇంకొకటి, దీన్ని కడుపునొప్పి అనుకుని పొరబడకండి. పొడి తవుడు ఆత్రంగా తిన్న గుర్రం మెడ చాచి, దగ్గుతూ, ముక్కుల్లోంచి పచ్చటి నురగ, మేత రేణువులు కారుస్తుంటే అది గొంతులో అడ్డుపడటం. మేతా నీళ్లూ తీసేసి, తల కిందికి వాల్చనిచ్చి, డాక్టరును పిలవండి. ఇక్కడ కూడా నోట్లో ఏమీ పొయ్యకూడదు.

గుర్రం తేరుకున్నాక ఇంటివాళ్ల సంతోషం నాకు తెలుసు, దాణా గంప వెంటనే తెచ్చి ముందు పెట్టాలనిపిస్తుంది. వద్దండి. లద్దె పడేదాకా ఆగండి. తర్వాత గుప్పెడు తడిపిన గడ్డి, రెండు గంటలకు ఇంకో గుప్పెడు. దాణా ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు. గింజలు ఎక్కువ తిని నొప్పి తెచ్చుకున్న గుర్రమైతే మూడు రోజులపాటు ఉదయం సాయంత్రం నాలుగు డెక్కలూ చేత్తో తాకి చూడండి. వేడిగా తగిలినా, ముందుకాళ్ల బరువు వెనక్కి వేసి నిలబడినా కాళ్లు మంచునీళ్లలో ఉంచి, ఫోను చెయ్యండి, తెల్లవారేదాకా ఆగకండి.